వేరు పిలిచింది... మల్లె విన్నది!

మల్లె అనగానే ఎవరికైనా ముందు సువాసన గుర్తొస్తుంది. అదే మాట కనిగిరి, పొదిలి వైపు పొగాకు రైతు దగ్గర అనండి... మొహం ముడుచుకుంటాడు. ఆయనకు తెలిసిన మల్లె జడలోకి పనికొచ్చేది కాదు. పొగాకు నాటిన రెండు నెలలకు, చేను కళకళలాడుతున్న రోజుల్లో, మొక్క మొదట్లో నేలను చీల్చుకుని లేత పసుపు రంగు మొలకలు పైకొస్తాయి. వాటిలో ఆకుపచ్చ అన్నది మచ్చుకైనా ఉండదు. ఆకులుండాల్సిన చోట పొలుసులు, వాటి మధ్య ఊదారంగు పూలు. కొత్తవాళ్లకు చూడముచ్చటగానే ఉంటుంది. రైతుకు మాత్రం గుండెల్లో రాయి పడుతుంది. ఎందుకంటే అది పైకి కనిపించే నాటికే, కింద చేయాల్సిన పని చాలావరకూ చేసేసి ఉంటుంది.

పొగాకు మల్లె అనీ, బోడు అనీ పిలిచే ఈ మొక్కకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఒరొబాంకి సెర్నువా. దీనికి వంట చేసుకోవడం రాదు. పత్రహరితం లేదు కాబట్టి ఎండను వాడుకుని ఆహారం తయారు చేసుకోలేదు. పొగాకు వేరును పట్టుకుని, అందులోకి చొచ్చుకుపోయి, నీళ్లూ చక్కెరలూ లవణాలూ అన్నీ అక్కణ్నుంచే లాగేసుకుంటుంది. పొగాకు ఒక్కటే కాదు, వంగ, టొమాటో అన్నా దీనికి ఇష్టమే. మల్లె పట్టిన మొక్కలో ఆకు పలచబడుతుంది, బరువు తగ్గుతుంది. పెట్టుబడి మాత్రం తగ్గదు. కౌలు, కూలి, బ్యారన్‌లో కట్టెల ఖర్చు అన్నీ మామూలే. ఆ ఆకును వేలం కేంద్రానికి తీసుకెళ్తే ఏ గ్రేడు వేస్తారో రైతుకు ముందే తెలిసిపోతుంది.

ఇంతకీ అసలు విచిత్రం ఇక్కడే ఉంది. మల్లె గింజ దుమ్ము రేణువంత ఉంటుంది. పొడవు మిల్లీమీటరులో మూడో వంతు. అందులో దాచుకున్న తిండి ఎంత ఉంటుంది? మొలిచాక నాలుగైదు రోజులు గడవడమే గగనం. అది పంపే మొలక కూడా కొద్ది మిల్లీమీటర్లకు మించి సాగదు. ఆలోపు పొగాకు వేరు తగలకపోతే చావే. అందుకే అది తొందరపడదు. పదేళ్లయినా, అంతకు మించి అయినా, నేలలో కిమ్మనకుండా పడి ఉంటుంది. వానలు పడతాయి, మొలవదు. దుక్కి దున్నుతారు, మొలవదు. పక్కనే పొగాకు వేరు వచ్చిన రోజున మాత్రం నిద్ర లేస్తుంది!

కన్ను లేదు, ముక్కు లేదు. మరి దానికి వేరొచ్చిందని ఎవరు చెప్పారు?

ఎవరో కాదు... పొగాకే చెప్పింది.

పత్తి వేరులో దొరికిన ఆచూకీ

మల్లెల్లో ఒకటి జొన్ననూ పట్టి పీడిస్తుంది. జొన్న మల్లె అంటారు. శాస్త్రవేత్తల భాషలో స్ట్రైగా. ఆసియా, ఆఫ్రికాల్లో పేద రైతులకు ఎప్పటి నుంచో తెలిసిన ఈ కలుపు 1956లో అమెరికాలో మొక్కజొన్న చేలల్లో కనిపించేసరికి అక్కడి ప్రభుత్వం ఉలిక్కిపడింది. పరిశోధనలకు డబ్బు వచ్చింది. మల్లె గింజను నిద్ర లేపుతున్న పదార్థం ఏమిటో పట్టుకోవాలని శాస్త్రవేత్తలు నడుం కట్టారు. 1966లో దొరికింది. అయితే జొన్న వేళ్లలోనో మొక్కజొన్న వేళ్లలోనో కాదు, పత్తి వేళ్లు వదిలిన ద్రవంలో! స్ట్రైగాను లేపుతుంది కాబట్టి దానికి స్ట్రైగాల్ అని పేరు పెట్టారు. తర్వాత అలాంటి పదార్థాలు పదులకొద్దీ దొరికాయి. అన్నిటినీ కలిపి స్ట్రైగోలాక్టోన్లు అంటున్నారు. 2007లో జపాన్ శాస్త్రవేత్తలు పొగాకు వేళ్ల నుంచి కూడా కొత్తరకం స్ట్రైగోలాక్టోన్లను వేరుచేశారు.

ఇక్కడో చిక్కుముడి వచ్చిపడింది. పత్తిని జొన్న మల్లె పట్టదు. అయినా పత్తి ఆ పదార్థాన్ని వదులుతోంది. జొన్నకు, పొగాకుకు అది ప్రాణాంతకం. అయినా అవీ మానడం లేదు. దొంగను తలుపు తట్టి పిలిచే గృహస్థు ఎక్కడైనా ఉంటాడా? దాదాపు నలభై ఏళ్లు ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు.

2005లో జపాన్‌కు చెందిన కోహ్కీ అకియామా బృందం ఆ ముడి విప్పింది. వేరు పిలుస్తున్నది దొంగను కాదు, నేస్తాన్ని! నేలలో మైకోరైజా అనే శిలీంధ్రాలుంటాయి. వ్యామ్ అన్న పేరుతో జీవన ఎరువుగా అమ్మేది ఈ జాతినే. వేరులోకి చేరిన ఈ శిలీంధ్రం వెంట్రుక కన్నా సన్నని దారాలను వేరు చేరలేని దూరాలకు పంపి, భాస్వరాన్ని, ఇతర పోషకాలను తెచ్చి మొక్కకు ఇస్తుంది. బదులుగా మొక్క తాను తయారుచేసుకున్న చక్కెరల్లో, కొవ్వుల్లో కొంత వాటా పెడుతుంది. నేలలో ఉన్న శిలీంధ్రానికి స్ట్రైగోలాక్టోన్ లవలేశం తగిలితే చాలు, దాని దారాలు గుబురుగా కొమ్మలు వేస్తూ విస్తరిస్తాయి. అలా అల్లుకుంటే వేరు తగిలే అవకాశం పెరుగుతుంది. భాస్వరం కరవైనప్పుడు చాలా మొక్కలు ఈ పదార్థాన్ని మరింత ఎక్కువగా వదులుతాయి. ఆకలేసినప్పుడు గట్టిగా పిలుస్తాయన్నమాట.

ఈ పదార్థానికి ఇంకో గుణం ఉంది. తడి నేలలో ఎక్కువ కాలం నిలవదు, త్వరగా విరిగిపోతుంది. పలక మీద రాసిన అక్షరం లాంటిది. కాబట్టి అది కనిపించిందంటే రాసిన చెయ్యి పక్కనే ఉన్నట్టు లెక్క. బతికున్న వేరు అతి దగ్గర్లో ఉందని శిలీంధ్రానికి ఇంతకన్నా నమ్మకమైన కబురు లేదు. పాపం, అదే కబురు మల్లె గింజకూ అంతే నమ్మకమైనది!

పలక రాయికి కూడా తెలియని కాలం

ఈ పిలుపు ఎప్పుడు మొదలైంది? చాలా వెనక్కి వెళ్లాలి.

మార్కాపురం గనుల్లో పొరలు పొరలుగా లేచివచ్చే రాయిని ఒకసారి తలచుకోండి. తెలుగునాట ఎన్ని తరాల పిల్లలు దాని మీద ఓనమాలు దిద్దారో! భూగర్భ శాస్త్రవేత్తలు కంభం పేరుతోనే పిలిచే ఆ శిలల వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. ఆ మట్టి నీటి అడుగున పేరుకుంటున్న రోజుల్లో నేల మీద చెట్టూ లేదు, చేమా లేదు. ఎన్ని పలకలు చీల్చినా ఒక్క ఆకు అచ్చు కూడా కనిపించకపోవడానికి కారణం అదే. ఆ రాయి గట్టిపడి, ముడతలు పడి, ఎన్నో కోట్ల ఏళ్లు గడిచాక... అంటే ఇప్పటికి దాదాపు 50 కోట్ల ఏళ్ల కిందట, మంచినీటి పాచి జాతుల్లో ఒకదాని సంతతి ఒడ్డెక్కింది. ఇవాళ మనం చూసే నాచు, ఫెర్ను, టేకు, పొగాకు అన్నీ ఆ సంతతే.

నీళ్లలో ఉన్నంతకాలం దానికి లోటు లేదు. ఒళ్లంతా నోరే, చుట్టూ కరిగిన లవణాలే. ఒడ్డెక్కాక అసలు కష్టం తెలిసింది. కింద రాయి, పైన ఎండ. పోషకాలు రాతిలో బిగుసుకుని ఉన్నాయి. వాటిని లాగడానికి వేరు కావాలి. ఆ తొలి మొక్కలకు వేళ్లే లేవు!

మరెలా బతికాయి? స్కాట్లండ్‌లో రైనీ అనే ఊరి దగ్గర దొరికిన శిలాజాల్లో దీనికి సాక్ష్యం ఉంది. వేడినీటి బుగ్గల్లోని సిలికాలో చిక్కుకుని రాయిగా మారిన ఆ మొక్కలు 40 కోట్ల 70 లక్షల ఏళ్ల నాటివి. కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే కణాల గోడలు కూడా కనిపిస్తాయి. సరైన వేళ్లు లేని ఆ మొక్కల కణాల్లో... చిన్న చెట్టులా కొమ్మలేసిన శిలీంధ్రపు దారాలు! పొగాకు వేరులో ఇవాళ కనిపించే మైకోరైజా ఆకారం అచ్చంగా అదే. అంటే వేరు కన్నా ముందే వేరుకు సాయం చేసే నేస్తం వచ్చిందన్నమాట.

అయితే శిలాజంలో శిలీంధ్రం కనిపిస్తుంది గానీ, దాన్ని పిలిచిన పిలుపు కనిపించదు. దానికోసం శాస్త్రవేత్తలు బతికున్న పాత వంశాల దగ్గరికి వెళ్లారు. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు లివర్‌వర్ట్‌లు గుర్తుండే ఉంటాయి. తేమ ఉన్న బండలకు, పాత బావి గోడలకు ఆకుపచ్చటి బిళ్లల్లా అతుక్కుని ఉంటాయి. వీటికి అసలైన వేళ్లు లేవు, పూలు లేవు, గింజలు లేవు. జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయానికి చెందిన జుంకో క్యోజుకా, ఆమె సహచరులు మార్కాంషియా పేలియాసియా అనే లివర్‌వర్ట్‌ను పరీక్షించి 2022లో ఫలితాలు ప్రకటించారు. అది కూడా స్ట్రైగోలాక్టోన్‌ను తయారుచేస్తోంది. తయారుచేయకుండా జన్యువును దెబ్బతీస్తే శిలీంధ్రం దాని దగ్గరికి రాలేదు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటి... ఆ పదార్థంతో లివర్‌వర్ట్ తన ఒంట్లో ఏ పనీ చేయించుకోవడం లేదు. అది వింటున్నది కాదు, కేవలం చాటుతున్నది. దాని దగ్గరి చుట్టం మార్కాంషియా పాలిమార్ఫా కథ ఇంకా తమాషాగా ఉంటుంది. అది ఎప్పుడో శిలీంధ్రంతో నేస్తం వదులుకుంది. దాంతోపాటు పిలవడమూ మానేసింది.

అంటే స్ట్రైగోలాక్టోన్ మొదట హార్మోనే కాదు. హార్మోను అంటే ఒంట్లో ఒకచోట పుట్టి మరోచోట పని చేయించే కబురు. ఇదేమో మొక్క బయటి ప్రపంచానికి పెట్టిన కేక. ఆ కేక లోపలి కబురుగా ఎప్పుడు మారింది?

ఇంటి మాట... వీధి మాట

పొగాకు రైతులు ఏటా చేసే పనిలోనే దీనికి జవాబుంది. మొగ్గ తొడిగే వేళకు మొక్క తల తుంచేస్తారు. పూతకు పోయే బలం ఆకుకు పడుతుందని. తల తుంచిన కొద్ది రోజులకే ఆకు పంగల్లోంచి పిలకలు తన్నుకొస్తాయి. ఇక వాటిని తీయలేక చావాలి. చేత్తో తీయడానికి కూలీలు, లేదంటే పిలకల మందు.

అంతకాలం నిద్రపోయిన పంగ మొగ్గ తల తుంచగానే ఎలా లేచింది? ఈ కథ చార్లెస్ డార్విన్‌తో మొదలవుతుంది. ఆయన, కొడుకు ఫ్రాన్సిస్ కలిసి గడ్డి మొలకల మీద ప్రయోగాలు చేసి, మొలక కొస నుంచి కిందికి ఏదో ప్రభావం ప్రయాణిస్తోందని 1880లో రాశారు. 1926లో డచ్ శాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ ఆ పదార్థాన్ని ఓట్ మొలక కొస నుంచి అగార్ ముక్కలోకి దించి చూపించాడు. అదే ఆక్సిన్. పూత రాలకుండా మిరపకు, పత్తికి కొట్టే ప్లానోఫిక్స్ దాని తరహా పదార్థమే. తల దగ్గర పుట్టిన ఆక్సిన్ కాండం వెంట దిగుతూ పంగ మొగ్గల్ని అణచి ఉంచుతుంది. అయితే అది మొగ్గలోకి నేరుగా వెళ్లదు. మరి పని ఎలా జరుగుతోందన్నది చాలాకాలం తేలలేదు. మధ్యలో ఇంకో దూత ఉండాలని శాస్త్రవేత్తలు అనుమానించారు. 2008లో ఆ దూత ఎవరో తెలిసింది. ఫ్రెంచి శాస్త్రవేత్తల బృందం ఒకటి, జపాన్ బృందం ఒకటి ‘నేచర్’ పత్రిక ఒకే సంచికలో చెప్పిన జవాబు ఒకటే... స్ట్రైగోలాక్టోన్!

ఆక్సిన్ ఉన్నంతసేపూ స్ట్రైగోలాక్టోన్ తయారవుతూ ఉంటుంది, మొగ్గ మాటు మణిగి ఉంటుంది. తల తుంచితే రెండూ తగ్గుతాయి. మొగ్గను లేపే సైటోకైనిన్ చేతికి పగ్గాలొస్తాయి. పిలక లేస్తుంది. భాస్వరం తక్కువైన నేలలో మొక్క పిలకలు తగ్గించుకోవడం వెనకా ఇదే కబురుంది. ఆకలి వేళ అదే పదార్థం బయట శిలీంధ్రాన్ని పిలుస్తుంది, లోపల ఖర్చు తగ్గించమంటుంది. ఇంటి పెద్ద అప్పు కోసం వీధిలోకి కబురు పంపుతూ, ఇంట్లో వాళ్లతో ఈ ఏడాది కొత్త గది కట్టొద్దని చెప్పినట్టు!

మాట ఉంటే సరిపోదు, వినే చెవి కూడా ఉండాలి. మొక్కల్లో ఆ చెవులు ప్రోటీన్ అణువులు. స్ట్రైగోలాక్టోన్‌ను వినే చెవిని కొత్తగా ఏమీ తయారు చేసుకోలేదు. అంతకుముందే కేఎఐ2 అనే పాత చెవి ఒకటుంది. లివర్‌వర్ట్‌ల్లోనూ ఉంది. అడవి కాలిన తర్వాత పొగలో మిగిలే కారికిన్ అనే పదార్థానికి చాలా మొక్కల గింజలు మొలకెత్తుతాయని 2004లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ పొగ వాసనను పసిగట్టేది ఈ కేఎఐ2నే. గింజ కట్టే మొక్కల పూర్వీకుల్లో ఎప్పుడో ఈ చెవి తాలూకు జన్యువుకు నకలు పడింది. ఒకటి పాత పని చేస్తూనే ఉంది. రెండోది మెల్లగా మారి స్ట్రైగోలాక్టోన్‌ను వినడం నేర్చుకుంది. అప్పటిదాకా వీధిలోకి వేసిన కేక, అప్పటి నుంచి ఇంట్లోనూ వినపడింది.

మల్లె ఏం చేసిందో చూడండి. దాని పూర్వీకులు మనలాంటి... అదే, మామూలు ఆకుపచ్చ మొక్కలే. వాటికీ ఈ చెవులున్నాయి. మల్లె వంశంలో పొగను వినే పాత చెవికే మళ్లీ నకళ్లు పడ్డాయి. జొన్నను పట్టే ఆఫ్రికా మల్లెలో ఏకంగా పదకొండు! వాటిలో కొన్ని బయటి వేరు వదిలే స్ట్రైగోలాక్టోన్‌కు అతి సూక్ష్మంగా స్పందించేలా మారాయి. మొలవడానికి పొగ వాసన పట్టే యంత్రాంగమే, పక్కవాడి వేరు ఆచూకీ పట్టే యంత్రాంగం అయింది. 2015లో వేర్వేరు దేశాల బృందాలు ఈ సంగతిని దాదాపు ఒకేసారి బయటపెట్టాయి.

సజ్జకు పొదుపు నేర్పిన కబురు

పాత పదార్థానికి కొత్త అర్థం పట్టడం స్ట్రైగోలాక్టోన్ ఒక్కదాని కథే కాదు. గిద్దలూరు, మార్కాపురం మెట్ట చేలల్లో వాన ముఖం చాటేసినప్పుడు మొక్కను కాపాడే అబ్సిసిక్ ఆమ్లం సంగతీ అంతే. 1960ల్లో దీన్ని గుర్తించినదీ రాలిపోయే పత్తి కాయల్లోనే. పత్తి రైతులకు ఎలా ఉన్నా, హార్మోన్ల శాస్త్రానికి మాత్రం ఆ పంట బాగా కలిసొచ్చింది! వేళ్లకు తడి అందనప్పుడు ఈ ఆమ్లం పెరుగుతుంది, ఆకు మీది రంధ్రాలు మూసుకుంటాయి, నీరు ఆవిరవడం తగ్గుతుంది. నీటి పాచిలోనూ ఈ పదార్థం ఉంది. నేల మొక్కలకు అతి దగ్గరి చుట్టాలైన పాచి జాతుల్లో దాన్ని వినే చెవి లాంటి ప్రోటీన్ కూడా ఉందని 2019లో తేలింది. కానీ ఆ చెవి ఆమ్లంతో నిమిత్తం లేకుండానే పనిచేస్తోంది. మాటా ఉంది, చెవీ ఉంది, రెండిటికీ పరిచయమే లేదు! ఒడ్డెక్కి ఎండను ఎదుర్కొన్నాకే ఆ రెండూ కలిశాయి.

ఆ కలయిక ఫలితాన్ని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధకులు సజ్జలో కొలిచారు. బెట్టను బాగా తట్టుకునే సజ్జ రకాల్లో, నీళ్లు పుష్కలంగా ఉన్న రోజుల్లోనే ఆకుల్లో అబ్సిసిక్ ఆమ్లం ఎక్కువగా ఉందని 2010లో వాళ్లు ప్రచురించారు. ఆవిరి రూపంలో అవి వదిలే నీరూ తక్కువే. కరవు వచ్చాక మేల్కొనడం కాదు, కరవు రాకముందే పొదుపు. గింజ పాలుపోసుకునే వేళకు నేలలో కాస్త తడి మిగిలేది అందుకే.

పిలుపు మానేస్తే?

మళ్లీ పొగాకు చేలోకి వద్దాం. ఇంత తెలిశాక ఎవరికైనా వచ్చే ఆలోచన ఒకటే. పిలవని మొక్కను తయారు చేస్తే మల్లె పీడ వదులుతుంది కదా? ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు అలాంటి టొమాటోను గుర్తించి 2010లో వివరాలు ప్రకటించారు. మల్లె దాని జోలికి పెద్దగా రాలేదు. అయితే శిలీంధ్రమూ సరిగా చేరలేదు. పైగా మొక్క ఒకటే గుబురు. వీధి మాట ఆపబోతే ఇంటి మాట కూడా ఆగిపోయింది మరి!

జొన్నలో ఇంకాస్త తెలివైన దారి దొరికింది. జొన్న మల్లెను తట్టుకునే రకాలను రూపొందించినందుకు 2009లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్న ఇథియోపియా శాస్త్రవేత్త గెబిసా ఎజెటా, ఆయన సహచరులు 2017లో ఆ రకాల రహస్యం చెప్పారు. అవి పిలవడం మానలేదు, పిలుపు యాస మార్చాయి. ఒక జన్యువు పోవడంతో వేళ్లు వదిలే స్ట్రైగోలాక్టోన్ రకం మారి ఒరొబాంకాల్ అయింది. జొన్న మల్లెకు ఆ యాస సరిగా అర్థం కాదు. బాగానే ఉంది కదా, పొగాకుకూ అదే చేద్దామంటే కుదరదు. ఒరొబాంకాల్ అన్న పేరులోనే ఉంది... పొగాకు మల్లెల వంశం వినేది సరిగ్గా ఆ యాసే!

మూడో దారి మోసాన్ని మోసంతో కొట్టడం. పంట వేయకముందే నేలలో దొంగ పిలుపు వినిపిస్తే మల్లె గింజలు లేస్తాయి. పక్కన వేరు ఉండదు. నాలుగు రోజుల్లో చస్తాయి. పశ్చిమాఫ్రికాలోని బుర్కినా ఫాసోలో సజ్జ, జొన్న చేలల్లో ఇలాంటి కృత్రిమ పదార్థాన్ని చల్లి చూశారు. 2019లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మల్లె మొలకలు సగం దాకా తగ్గాయి. జొన్న మల్లె మీద చేసిన ప్రయోగం అది. పొగాకు మల్లెకు దాని యాసలో దొంగ పిలుపు కావాలి.

మన దగ్గర ఈ ఉపాయం వేరే రూపంలో ముందు నుంచీ ఉంది. 1947లో రాజమండ్రిలో మొదలైన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పొగాకుకు ముందు పెసర, మినుము, నువ్వు, జొన్న లాంటివి వేయమని రైతులకు చెబుతూ వచ్చారు. వీటి వేళ్లూ పిలుస్తాయి. గింజ మొలుస్తుంది. కానీ ఆ వేరులోకి మల్లె చొరబడలేదు. చొరబడలేక ఆకలితో మాడిపోతుంది. ఒక్క ఏడాదిలో తీరే బెడద కాదిది. ఒక్కో మల్లె మొక్క లక్షకు అటూఇటూగా గింజలు రాలుస్తుంది. అందులో ఈ ఏటి పిలుపు అందేది వేరుకు కొద్ది మిల్లీమీటర్ల దూరంలో ఉన్నవాటికే. మిగతావి వచ్చే ఏడాదికో, పై ఏడాదికో కాచుకుని ఉంటాయి. మెట్టలో పెసరకు అదను దొరకాలంటే తొలకరి సరిగా పడాలి. అదీ మన చేతిలో లేదు. కౌలు రైతుకు ఇంకో ఇబ్బంది. ఈ ఏడు పెసర వేసి నేల బాగుచేస్తే, వచ్చే ఏడు ఆ చేను తనకే దక్కుతుందన్న భరోసా ఏది?

అందుకే చివరికి మిగిలేది చేతి పనే. పూత రాకముందే, వారానికోసారి సాలు వెంట వంగి నడుస్తూ, కనిపించిన మల్లెనల్లా పీకడం. నడుము పడిపోయే పని. పీకినదాన్ని గట్టు మీద పారేసి చేతులు దులుపుకుంటే లాభం లేదు. కాండంలో ఉన్న కాస్త తడితోనే పూలు కాయలై, గింజ ముదిరి, గాలికి మళ్లీ చేలోకే వస్తుంది. గంపకెత్తి, చేను దాటించి, కాల్చేయాలి.